రోమాలు మన చుట్టాలేనా? చందంపేట తండా నుంచి బెర్లిన్ దాకా ఒక వెతుకులాట

ఏటా ఏప్రిల్ 8 రాగానే మా తండా కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో తిరుగుతుంది. ఎడమ పక్క అద్దాలు కుట్టిన ఫెటియా, చేతుల నిండా బలియాలతో ఒక లంబాడా అవ్వ. కుడి పక్క రంగురంగుల పొడవాటి పరికిణీలో ఒక యూరప్ జిప్సీ అవ్వ. కింద ఒకటే లైను: వెయ్యేళ్ల కింద తప్పిపోయిన అక్కచెల్లెళ్లు. ఇక వరసగా హార్ట్‌లు, ‘జై సేవాలాల్’లు.

ఆ తేదీకి ఒక కథ ఉంది. 1971 ఏప్రిల్‌లో లండన్ శివార్లలో మొదటి ప్రపంచ రోమా మహాసభ జరిగింది. దాని గుర్తుగానే ఏప్రిల్ 8ని అంతర్జాతీయ రోమా దినోత్సవం అంటున్నారు. నీలం, ఆకుపచ్చ రంగుల మీద ఎర్ర చక్రం ఉన్న వాళ్ల జెండా కూడా అక్కడే ఖాయమైంది. ఆ చక్రం చూస్తే మనకు అశోక చక్రం గుర్తొస్తుంది. భారత మూలాలకు గుర్తుగానే దాన్ని పెట్టుకున్నారు. ఆ తర్వాత చండీగఢ్‌లో డబ్ల్యూ.ఆర్. రిషి అనే భాషావేత్త 1973లో రోమా అధ్యయనాల కోసం ఒక సంస్థే పెట్టారు. 2016 ఫిబ్రవరిలో ఢిల్లీలో అంతర్జాతీయ రోమా సమావేశం జరిగితే అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ప్రారంభించారు.

ఒక మాట ముందే చెప్పేస్తా. ‘జిప్సీ’ అనేది ఇంగ్లిష్ వాళ్లు పెట్టిన పేరు. వీళ్లు ఈజిప్టు నుంచి వచ్చారనుకుని ‘ఈజిప్షియన్’ అన్నారు, అది అరిగి జిప్సీ అయింది. చాలామంది దాన్ని తిట్టుగానే తీసుకుంటారు. వాళ్ల పేరు రోమా. మమ్మల్ని ‘లంబాడోళ్లు’ అని ఒక రకంగా పలికినప్పుడు ఎలా ఉంటుందో తెలిసినవాణ్ని కాబట్టి ఇక్కడినుంచి రోమా అనే రాస్తాను.

భారత్ నుంచి వెళ్లారన్నది సరే. మా లంబాడాల్లోంచే వెళ్లారా? అది వేరే ప్రశ్న. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తా. చదివింది ఇంజినీరింగ్. నాన్నది నల్గొండ జిల్లా చందంపేట వైపు తండా, అమ్మది పాలమూరులో బాలానగర్ వైపు తండా. ఫార్వర్డ్ నిజమో కాదో రెండు దారుల్లో చూద్దామనుకున్నా: ఒకటి ఇంటి చరిత్ర, రెండోది డీఎన్‌ఏ.

కాగితం ఎంత దాకా పోతుంది?

హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం, మాల్ దాటాక నేల ఎర్రబడుతుంది. ఒకప్పుడు ఆముదం చెలకలు, ఇప్పుడు ఎక్కువగా పత్తి. కొండమల్లేపల్లి దగ్గర కుడికి తిరిగితే దేవరకొండ. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు ఏలిన ఖిల్లా కొండల మీద కనిపిస్తుంది. ఇంకా దక్షిణానికి పోతే చందంపేట, ఆపైన గుట్టలు, గుట్టల అవతల కృష్ణ. రోడ్డు పక్క బోర్డుల్లో సగానికి సగం ‘తండా’ అనే ఉంటాయి. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత వాటిలో చాలా తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. అంతకుముందు మా తండా పేరు పక్క ఊరి పేరు కిందే ఉండేది.

ముందు కాగితాలు వెతికా. నాన్న స్కూల్ టీసీలో ఇంటిపేరు ఒక రకంగా ఉంది, పట్టాదారు పాస్‌బుక్‌లో ఇంకో రకంగా, ఓటరు లిస్టులో మూడో రకంగా. గోర్‌బోలిలో ఉన్న పేరును తెలుగు అక్షరాల్లో ఎవరికి వినపడ్డట్టు వాళ్లు రాశారు. తాత తండ్రి పేరు 1954-55 ఖాస్రా పహాణీ నకలులో దొరికింది. అక్కడ ఇంటిపేరే లేదు. పేరు పక్కన ‘లంబాడ’ అని ఉంది, అంతే. దానికి ముందు మా ఇంటి గురించి ఒక్క కాగితమూ లేదు. భూమి లేనివాడికి, ఒకచోట ఉండనివాడికి కాగితం ఎవరు రాస్తారు?

కాగితం ఆగిన చోట నోటి లెక్క మొదలవుతుంది. మా గోత్రాల వంశావళిని గుర్తుపెట్టుకుని పాడేవాళ్లు భాట్‌లు, ఢాడీలు. మా నాయనమ్మ చిన్నప్పుడు ఢాడి తండాకు వచ్చేవాడట. నాయక్ ఇంటి ముందు కూర్చుని ఒక్కో ఇంటి తాతముత్తాతల పేర్లు పాడి, పశువునో ధాన్యాన్నో తీసుకుని పోయేవాడట. ఇప్పుడు రావట్లేదు. నాయనమ్మ మాత్రం ఆ పాటల్లోంచి మా ఇంటి పేర్లు ఏడు తరాలు చెప్పింది. ఫోన్‌లో రికార్డ్ చేశా. ఏడు తరాలంటే దాదాపు 200 ఏళ్లు. నా చేతిలో ఉన్న ప్రభుత్వ కాగితం 70 ఏళ్ల దగ్గరే ఆగిపోయింది.

ఇంటిపేర్లు కూడా ఒక రికార్డే. రామావత్, కేతావత్, ముడావత్, నేనావత్, ఇస్లావత్: దేవరకొండ, అచ్చంపేట వైపు ఏ కాలేజీ హాజరు పట్టీ తీసినా ఈ ‘వత్’లు కనిపిస్తాయి. రాజస్థాన్‌లో షెకావత్, చూండావత్ అంటారు చూడండి, అదే తోక. ఫలానావాడి సంతానం అని దాని అర్థం. అంటే మా ఇంటిపేరులోనే ఒక తాత పేరు, మేం నడిచొచ్చిన దిక్కు రెండూ ఉన్నాయి.

ఆ నడక ఎందుకో కూడా తెలుసు. మావాళ్లు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిప్పే వర్తకులు. ఆ వర్తకాన్ని ‘లదేణి’ అంటారు. 17వ శతాబ్దంలో మొఘల్ సైన్యాలు దక్కన్ మీదికి వచ్చినప్పుడు వాటికి తిండిగింజలు మోసింది బంజారా ఎడ్లే. తర్వాత రోడ్లు పడ్డాయి, రైలు వచ్చింది. సికింద్రాబాద్ నుంచి వాడి దాకా 1874లో రైలు నడిచాక ఎద్దు మీద ఉప్పు ఎవరికి కావాలి? వర్తకుడు పశువుల కాపరి అయ్యాడు, కాపరి కూలీ అయ్యాడు. చరిత్రకారుడు భంగ్యా భూక్యా నిజాం కాలపు లంబాడాల మీద రాసిన పుస్తకంలో ఈ పతనమంతా ఉంది. చందంపేట గుట్టల్లో, పాలమూరు చెలకల్లో మేం ఆగిపోయింది ఇష్టపడి మాత్రమే కాదు, ముందుకు పోయే పని అయిపోయింది కాబట్టి.

పదికి లెక్కపెట్టండి

డీఎన్‌ఏకి ముందు ఇంకో పరీక్ష ఉంది. దానికి పైసా ఖర్చు లేదు. గోర్‌బోలిలో మేం అంకెలు ఇలా లెక్కపెడతాం: ఏక్, ది, తీన్, చార్, పాంచ్, ఛో, సాత్, ఆట్, నవ్, దస్. రోమానీలో: యెక్, దుయి, త్రిన్, ష్టార్, పంజ్, షోవ్, ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా, దెష్.

మొదటి ఆరూ, చివరిదీ వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది దగ్గర మాత్రం ఏదో తేడా కొడుతుంది. ఆ మూడూ గ్రీకు మాటలు. దారిని వాళ్లు ‘ద్రోమ్’ అంటారు, అదీ గ్రీకే. గుర్రం ‘గ్రస్త్’, అది ఆర్మేనియా వైపుది. నీళ్లు మాత్రం ‘పాని’, ముక్కు ‘నక్’, చెవి ‘కన్’. మా కోడర్ల భాషలో చెప్పాలంటే రోమానీ ఒక లాగ్ ఫైల్. పర్షియా, ఆర్మేనియా, గ్రీకు నేలల మీదుగా వెళ్లిన దారి అందులో ఎంట్రీల్లా పడి ఉంది. రోమానీ భారతీయ భాషే అని యూరప్ పండితులు 1780ల్లోనే గుర్తుపట్టింది ఇలాంటి మాటల వల్లే.

అయితే ఈ పరీక్ష ఫార్వర్డ్‌ను పూర్తిగా పాస్ చేయదు. గోర్‌బోలి రాజస్థానీ కుటుంబంలోది. దాని మీద మరాఠీ, తెలుగు, ఉర్దూ మాటలు పేరుకున్నాయి. రోమానీ అంతకంటే చాలా పాత దశలో విడిపోయింది. సంస్కృతం ‘త్రీణి’లోని ‘త్ర’ వాళ్ల ‘త్రిన్’లో ఇంకా ఉంది, మా ‘తీన్’లో అరిగిపోయింది. మధ్య భారత భాషల లక్షణాలు, తర్వాత వాయవ్య భాషల లక్షణాలు రెండూ రోమానీలో కనిపిస్తాయని భాషావేత్త రాల్ఫ్ టర్నర్ 1926లోనే చూపించారు. వాళ్లు వెళ్లిపోయేనాటికి మా భాష ఇప్పుడున్న రూపంలో లేనే లేదు.

బయటివాణ్ని రోమాలు ‘గాజో’ అంటారు. మేం మమ్మల్ని ‘గోర్’ అనుకుని బయటివాణ్ని ‘కోర్’ అంటాం. ఇవి ఒకే వేరు నుంచి వచ్చాయని ఫార్వర్డులు చెబుతాయి. నాకు అంత దూరం పోవాలని లేదు. ఊరి బయట గుడారం వేసుకుని బతికిన ఎవరికైనా లోపలివాళ్లు, బయటివాళ్లు అని రెండు మాటలు అవసరమవుతాయి.

ట్యూబులో ఉమ్మి

నిరుడు ఆఫీసు పని మీద ఆర్నెల్లు బెర్లిన్‌లో ఉన్నా. అక్కడ జర్మన్ పార్లమెంటు భవనం పక్కన చెట్ల మధ్య ఒక గుండ్రటి కొలను ఉంటుంది. నాజీలు చంపిన సింతీ, రోమాల స్మారకం అది. దాని రూపశిల్పి డానీ కరవాన్, 2012 అక్టోబరులో తెరిచారు. కొలను మధ్య ముక్కోణపు రాయి, ఆ రాయి మీద రోజూ ఒక తాజా పువ్వు పెడతారు. నాజీల చేతిలో చనిపోయిన రోమాలు 2 లక్షల నుంచి 5 లక్షల దాకా ఉంటారని అంచనా. 1944 ఆగస్టు 2 రాత్రి ఆష్విట్జ్‌లో రోమాల శిబిరంలో మిగిలిన వేల మందిని గ్యాస్ గదులకు తోలారు. అంతకు వందేళ్ల ముందు ఇప్పటి రొమేనియా ప్రాంతంలో వాళ్లు బానిసలు. 1850ల దాకా కొన్నారు, అమ్మారు. మన దగ్గర 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చి, ఫలానా కులంలో పుడితే చాలు దొంగే అని రాశారు. సంచారం చేసే బంజారాలు కూడా చాలాచోట్ల ఆ జాబితాలోకి ఎక్కారు. ఆ చట్టం పోయింది 1952లో. రక్తం సంగతి ఏమైనా, పోలీసు రిజిస్టర్లో మాత్రం మేం చుట్టాలమే.

అక్కడే ఒక విదేశీ కంపెనీ కిట్ కొని, ట్యూబులో ఉమ్మి పోస్టులో పంపా. నెలన్నర తర్వాత రిజల్ట్ వచ్చింది. నా తండ్రి వైపు వంశం, అంటే వై క్రోమోజోమ్ గ్రూపు, హెచ్. అందులో ఎం82 అనే కొమ్మ. చదవగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డా. యూరప్ రోమా మగవాళ్లలో బాగా ఎక్కువగా కనిపించే భారతీయ గుర్తు సరిగ్గా అదే.

లేచినంత సేపు పట్టలేదు కూర్చోవడానికి. 2012లో ఈ కొమ్మ మీదే ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. చేసింది మన హైదరాబాద్ సీసీఎంబీలో కుమారసామి తంగరాజ్ బృందం, విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి. రోమాల వై క్రోమోజోములను భారత్‌లోని వందల జనసమూహాలతో పోల్చారు. దగ్గర పోలిక వాయవ్య భారతంలోని ఎస్సీ, ఎస్టీ సమూహాలతో వచ్చింది, ప్రత్యేకంగా పాతకాలంలో ‘డోమ’ అని పిలిచినవాళ్లతో. ‘రోమ్’ అనే మాట కూడా ‘డోమ్’ నుంచే వచ్చిందని భాషావేత్తలు ఎప్పట్నుంచో అంటున్నారు. అదే ఏడాది డిసెంబరులో మరో అంతర్జాతీయ బృందం మొత్తం జీనోమ్ చూసి, రోమాల పూర్వీకులు సుమారు 1,500 ఏళ్ల కింద వాయవ్య భారతం నుంచి బయల్దేరారనీ, సుమారు 900 ఏళ్ల కింద బాల్కన్ ప్రాంతం నుంచి యూరప్ అంతా చెదిరారనీ లెక్కకట్టింది. పుట్టుకతో కండరాలు త్వరగా అలసిపోయే ఒక అరుదైన జబ్బుకు కారణమైన ఒకే జన్యు మార్పు రోమాల్లోనూ, మన ఉపఖండం కుటుంబాల్లోనూ దొరికింది. భారత మూలం గురించి ఇక అనుమానమే లేదు.

మరి నా ఎం82? అది దక్షిణ భారతంలోనూ బోలెడుమందికి ఉంది. మా చందంపేటలో లంబాడాలు కానివాళ్లను పది మందిని పరీక్షించినా ఒకరిద్దరికి రావచ్చు. ఆ కొమ్మ వయసు రోమాల ప్రయాణం కంటే వేల ఏళ్లు పాతది. అది ‘భారతీయుడు’ అని చెప్తుందే తప్ప ‘రోమాలకు అన్న’ అని చెప్పదు.

మిగతా డీఎన్‌ఏ సంగతీ చూద్దాం. మనలో సగం అమ్మది, సగం నాన్నది. తరం వెనక్కి వెళ్లిన కొద్దీ ఒక్కో పూర్వీకుడి వాటా సగం సగం అవుతుంది. పది తరాలకే 1,024 గడులు. వెయ్యేళ్లంటే 35 తరాలు దాటుతాయి. అంత దూరపు ఒక్క మనిషి ముక్క నాలో గుర్తుపట్టేలా మిగిలే అవకాశం దాదాపు సున్నా. రోమాలు బయల్దేరినప్పుడు మావాళ్లూ, వాళ్లూ ఒకే ఎండిన నేల మీద పక్కపక్కన ఉండి ఉండొచ్చు. దగ్గరి బంధువులని ఏ కిట్ కూడా సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఇవ్వగలిగేది ఐదారు తరాల లోపు బంధుత్వం మాత్రమే.

ఆ ఐదారు తరాల్లోనే నేను ఊహించనిది ఒకటి బయటపడింది.

లిస్టులో ఒక యూరప్ పేరు

ఇలాంటి కంపెనీలు మీ డీఎన్‌ఏతో కలిసే మిగతా కస్టమర్ల లిస్టు కూడా ఇస్తాయి. నా లిస్టు చాలా చిన్నది. అమెరికాలో ఉన్న ఇండియన్లు, ఎక్కడెక్కడో దూరపు కలయికలు. అందరికంటే పైన మాత్రం ఒక యూరప్ పేరు. మా ఇద్దరికీ కలిసింది 96 సెంటీమోర్గాన్లు. ఇది డీఎన్‌ఏ పొడవు కొలత. పెదనాన్న, చిన్నాన్న పిల్లలకు సగటున 850 దాకా కలుస్తుంది. వాళ్ల పిల్లలకు, అంటే ముత్తాత ఒకరే అయినవాళ్లకు, 230 దాకా. ఇంకో తరం కిందికి దిగితే 75 దగ్గర.

రోమా అనే అనుకున్నా. మెసేజ్ పెట్టా. రెండు రోజులకు జవాబొచ్చింది. ఆమెకు పాతికేళ్లు. 2000లో నాలుగు నెలల పసికందుగా హైదరాబాద్ నుంచి దత్తతకు వెళ్లింది. కాగితాల్లో ‘లంబాడ’ అని, ‘నల్గొండ జిల్లా’ అని ఉంది. తండా పేరు లేదు, తల్లి పేరు లేదు. ఇప్పుడు ఇది రాస్తున్నానని ఆమెకు తెలుసు. పేరు, దేశం చెప్పొద్దని అంది, చెప్పట్లేదు.

ఆమె అడిగిన మొదటి ప్రశ్న: మనం జిప్సీలమా? స్కూల్లో పిల్లలు ఆమెను అలా పిలిచేవాళ్లట. వాళ్లు వాడింది ఆ దేశంలో రోమాలను తిట్టే మాట. నెట్‌లో లంబాడా అని వెతికితే మా ఫార్వర్డ్‌లాంటి రాతలే దొరికాయి. తిట్టినవాళ్లే కరెక్టేమో అనుకుంటూ పెరిగింది. మేం గర్వంగా షేర్ చేసుకునే ఫొటో ఆమెకు అక్కడ అలా తగిలింది.

1999, 2001 సంవత్సరాల నాటి పేపర్లు తెలిసినవాళ్లకు ఈ కథ కొత్త కాదు. దేవరకొండ, చందంపేట, పాలమూరు, రంగారెడ్డి తండాల నుంచి ఆడ పసికందులను దళారులు కొన్ని వేల రూపాయలకు తీసుకెళ్లి హైదరాబాద్ దత్తత సంస్థలకు చేర్చారు. అక్కడి నుంచి చాలామంది విదేశాలకు వెళ్లారు. పోలీసు కేసులయ్యాయి. పేదరికం, ఆడపిల్ల అన్న కారణాలతో బిడ్డను సంస్థలకు వదిలేయడం కుదరదని ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2001 ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది. ఎందుకు ఇలా జరిగిందో గీతా రామస్వామి, భంగ్యా భూక్యా కలిసి తండాలు తిరిగి ఒక అధ్యయనం రాశారు. ఒకప్పుడు మావాళ్లలో పిల్లవాడి తరఫువాళ్లే పిల్ల ఇంటికి ఎడ్లు, డబ్బు ఇచ్చేవాళ్లు. మైదానం వాళ్లను చూసి అది కట్నంగా తిరగబడింది. భూమి లేదు, వరసగా కరువు, కొడుకు పుట్టేదాకా కాన్పులు. మూడో ఆడపిల్ల, నాలుగో ఆడపిల్ల ఎవరి చేతికో పోయింది.

నేను పుట్టింది ఆ రోజుల్లోనే. మగపిల్లాణ్ని కాబట్టి తండాలోనే ఉన్నా.

పుట్టినోళ్ల లెక్క, ఉన్నోళ్ల లెక్క

ఇండియాకు తిరిగొచ్చాక చందంపేట వెళ్లా. నాయనమ్మ దగ్గర కూర్చుని ఈసారి మగవాళ్ల పేర్లు కాకుండా ఆడవాళ్లు అడిగా. ఎవరికి ఎంతమంది బిడ్డలు, ఎవర్ని ఏ తండాకిచ్చారు? కాసేపు చెప్పింది. తర్వాత ఆగింది. అన్నది ఇంతే: “లెక్క అడగకు బేటా. పుట్టినోళ్ల లెక్క వేరు, ఉన్నోళ్ల లెక్క వేరు.” ఏడు తరాల తాతల పేర్లు గడగడా చెప్పిన మనిషి పాతికేళ్ల కిందటి ఆడపిల్లల దగ్గర నోరు మూసుకుంది. ఢాడి పాటలోనూ వాళ్ల పేర్లు ఉండవు.

డల్లాస్‌లో ఎంఎస్ చేస్తున్న మా చిన్నాన్న కొడుకు కూడా అదే టెస్టు చేయించుకున్నాడు. అతని లిస్టులో ఆమె లేదు. అంటే బంధం మా అమ్మ వైపుదయ్యే అవకాశం ఎక్కువ. ఖాయమని కాదు. మా పెళ్లిళ్లు గోత్రం బయట చేసినా కులం లోపలే కదా. వందల ఏళ్లుగా అవే కుటుంబాల మధ్య తిరిగిన డీఎన్‌ఏలో, దూరపు చుట్టరికం కూడా దగ్గరిదిలా కనిపిస్తుంది. 96 అంకె చూసి ముత్తాత దగ్గర వెతకాలా, ఇంకా రెండు తరాలు పైన వెతకాలా చెప్పలేం. తెలంగాణలో లంబాడాలం 2011 లెక్కల ప్రకారమే 20 లక్షల మంది.

అయినా బాలానగర్ బయల్దేరా. దేవరకొండ నుంచి డిండి, అక్కడి చెరువు కట్ట, శ్రీశైలం రోడ్డు మీదుగా కల్వకుర్తి, అట్నుంచి జడ్చర్ల, బెంగళూరు హైవే ఎక్కితే బాలానగర్. సీతాఫలాల్లో ఒక రకానికే ఆ ఊరి పేరుంది. దారి పొడుగునా నా బుర్రలో ఒకటే లెక్క. కల్వకుర్తి టీ కొట్టు దగ్గర నిలబడ్డ ఆ నలభై అయిదేళ్ల ఆమె తల్లి అయ్యుండొచ్చా? బస్సు ఎక్కుతున్న ఈమె? ప్రతి ముఖంలో పోలిక వెతకడం మొదలైతే ఆగదు. అమ్మకు ఫోన్ చేసి అడగడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

మా మేనమామ తండాలో పెద్దమనిషి. ఆయనకు మొత్తం చెప్పా, ఫోన్‌లో ఆమె ఫొటో చూపించా. చాలాసేపు చూశాడు. “ఆ పిల్ల వస్తే రానీ. మన ఇంట్ల తింటది, పంటది. గానీ తల్లెవరని తండాల అడుగుకుంట తిరగొద్దు. ఆ తల్లికి ఇప్పుడు కోడళ్లుంటరు, మనమలుంటరు. ఆమె నోరు తెరిస్తెనే తెలవాలె” అన్నాడు.

“మామా, ఆ పిల్లకు తెలుసుకునే హక్కు లేదా?” అన్నా.

“ఉంది. తల్లికి చెప్పకుండ ఉండే హక్కు గూడ ఉంది. నీ మిషిన్ ఇద్దర్లో ఎవర్ని అడిగింది?”

చట్టం కూడా దాదాపు మామ మాటే అంటుంది. మన దత్తత నిబంధనలు, 2022 ప్రకారం దత్తత వెళ్లిన మనిషి 18 ఏళ్లు నిండాక తన మూలాల గురించి అధికారికంగా అడగొచ్చు. ఆ వెతుకులాటను వేరేవాళ్లు, అంటే నాలాంటివాళ్లు, చేయకూడదు. తల్లి తానే అప్పగించిన కేసుల్లో ఆమె ఒప్పుకుంటేనే వివరాలు బయటికొస్తాయి. చిక్కేంటంటే, డీఎన్‌ఏ కిట్ ఈ నిబంధనలు చదవదు. రేపు మా బంధువుల్లో ఇంకో ఇద్దరు సరదాగా టెస్టు చేయించుకుంటే, తండాలో ఎవరూ నోరు తెరవకుండానే జవాబు స్క్రీన్ మీదికి వచ్చేస్తుంది. మీరు కిట్ కొనే ముందు ఆలోచించాల్సింది ఆఫర్ ధర ఒక్కటే కాదు. ఉమ్మేది మీరైనా, బయటపడేది ఇంటిల్లిపాది సంగతి. ముందు ఇంట్లో అడగండి. రోమా బంధుత్వం కోసం మాత్రం డబ్బు దండగ, అది కిట్‌లో దొరకదు.

మామ చెప్పింది ఆమెకు ఉన్నదున్నట్టు రాశా. కోపం వస్తుందనుకున్నా. వారం దాకా జవాబు లేదు. తర్వాత రాసింది: అధికారిక దరఖాస్తు తానే పెట్టుకుంటానని, తల్లి వద్దంటే అక్కడితో ఆపేస్తానని. జిప్సీ ప్రశ్నకు నేనిచ్చిన జవాబు కూడా తన ఫ్రెండ్స్‌కి చూపించిందట. అందులో నేను రాసింది రెండు వాక్యాలు. ‘మనం రోమాలం కాదు, మనం గోర్. రోమాలు అయినా అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఆ మాటతో తిట్టినవాళ్లే సిగ్గుపడాలి.’

ప్రస్తుతం ఆమె గోర్‌బోలి నేర్చుకుంటోంది. టీచర్ మా నాయనమ్మే, వాయిస్ మెసేజుల్లో. ఎవరికి నేర్పుతున్నావో తెలుసా అని నాయనమ్మను నేను అడగలేదు, ఆమె కూడా నన్ను అడగలేదు. అంకెలు, నీళ్లు, అన్నం అయ్యాయి. ఇప్పుడు చుట్టరికాల మాటలు నడుస్తున్నాయి. వచ్చే శ్రావణంలో తీజ్‌కి వస్తానంది. తండాలో పెళ్లికాని ఆడపిల్లలంతా బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే తొమ్మిది రోజుల పండగ అది. మామకు చెప్పా. “బుట్టలు ఎన్ని అల్లించాలె?” అని మాత్రం అడిగాడు.